చిన్నపిల్లల అల్లిక దుస్తులు – సుంకపు పట్టికలో వాని స్థానము

చలికాలము వచ్చినదనగా పెట్టె అడుగునుండి పైకి తీయు పిల్లల దుస్తులకు మన యిండ్లలో ఉన్న పేరు ఒక్కటే: స్వెటరు. తలమీదుగా తొడుగునది స్వెటరే. ముందు గుండీలు గలదియు స్వెటరే. చేతులు లేనిదియు స్వెటరే. తల్లి చేతి అల్లికయైనను, అంగడి సరకైనను, ఉన్నిదైనను, ఉన్నిని పోలిన అక్రిలిక్ దారముదైనను పేరు మారదు. ఇంటిలో ఈ ఒక్క మాట చాలును. కాని అదే దుస్తు ఓడ నెక్కి వేరొక దేశపు రేవున దిగినపుడు ఈ మాటకు విలువ లేదు. అచ్చటి సుంకపు కచేరివారు దాని పేరు నడుగరు. దాని అంకె నడుగుదురు. ఆ అంకెను బట్టియే సుంకమెంతయో, అనుమతి కావలెనో లేదో, ఏ ఒడంబడిక క్రింద తగ్గింపు కలదో తేలును.

తమిళనాట స్థిరపడిన మన కుటుంబములలో తిరుప్పూరు, కోయంబత్తూరు ప్రాంతముల అల్లిక కర్మాగారములలోను, చెన్నై, తూత్తుకుడి రేవుల యొద్ద సరకు విడిపించు సంస్థలలోను పనిచేయువారు కలరు. మన పాఠశాలలో వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులలో కొందరు రేపు ఆ బల్లల ముందు కూర్చుండువారే. అందుచేత ఈ సంచికకు ఈ విషయమును ఎన్నుకొంటిమి. మరియొక కారణము కూడ కలదు. దానిని ముందు చెప్పుదుము.

పూర్వము ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క సుంకపు పట్టిక యుండెడిది. ఒకరిది అక్షరక్రమము, మరియొకరిది సుంకపు హెచ్చుతగ్గుల క్రమము. ఒక దేశమున ఉన్ని సరకుగా లెక్కకు వచ్చినది మరియొక దేశమున తయారైన దుస్తుగా లెక్కకు వచ్చుచుండెను. ఈ గందరగోళమును తొలగించుటకు నానాజాతి సమితి పూనికపై 1931లో జెనీవాలో ఒక ముసాయిదా పట్టిక తయారయ్యెను. 1937లో అది సవరింపబడెను. యుద్ధానంతరము 1950లో బ్రస్సెల్సు నగరమున ఒడంబడిక కుదిరి, 1959లో అమలునకు వచ్చెను. దానికి బదులుగా 1983లో అంగీకరింపబడి 1988 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన పద్ధతియే నేడు ప్రపంచమంతట వాడుకలో నున్న హార్మొనైజ్డ్ సిస్టమ్. వ్యాపారస్థులు దానిని హెచ్.ఎస్. అని పొడి అక్షరములతో పిలుతురు. బ్రస్సెల్సులోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ దీనిని కాపాడుచు, కాలానుగుణముగా సవరించుచున్నది. మన దేశపు పట్టిక 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టమునకు అనుబంధము. 1986లో అది ఈ పద్ధతికి అనుగుణముగా మార్చబడినది.

ఈ పట్టికలో 21 భాగములు, 97 అధ్యాయములు కలవు. వానిలో 77వ అధ్యాయము భవిష్యదవసరమునకై ఖాళీగా విడువబడినది. అంకెలో మొదటి రెండు స్థానములు అధ్యాయమును, నాలుగు స్థానములు శీర్షికను, ఆరు స్థానములు ఉపశీర్షికను తెలుపును. ఆరు స్థానముల వరకు అన్ని సభ్యదేశములకును ఒకటే అంకె. ఆ పైన ఎవరి అవసరమును బట్టి వారు చేర్చుకొందురు. మన దేశమున ఎనిమిది స్థానములు వాడుదురు. తిరుప్పూరులో ఒక పెట్టెపై వ్రాసిన మొదటి ఆరు అంకెలు రాటర్‌డామ్ రేవునను, న్యూయార్కు రేవునను అదే యర్థము నిచ్చుట దీని గొప్పతనము. ఒకచోట చేసిన పొరపాటు అన్ని చోట్లకును వెంట వచ్చుట దీనిలోని అపాయము.

వస్త్రములకు సంబంధించినది పదునొకండవ భాగము. అది 50వ అధ్యాయమున పట్టుతో మొదలిడి 63తో ముగియును. తయారైన దుస్తులు 61, 62 అధ్యాయములలో నున్నవి. ఈ రెంటికిని గల భేదమును మన నేతవారి యిండ్లలోని పిల్లలకు చెప్ప నక్కరలేదు. పడుగు, పేక అను మాటలు వారికి ఉగ్గుపాలతో వచ్చినవే. నిలువు దారముల నడుమ అడ్డుదారము పోవుట నేత. అట్టి బట్టతో కుట్టిన దుస్తులు 62వ అధ్యాయము. అల్లికలో పడుగు లేదు, పేక లేదు; ఒక దారమే ఉచ్చుగా మారి, ఆ యుచ్చులోనుండి మరియొక యుచ్చు వెడలి, గొలుసువలె సాగును. చేతి ఊచలతో అల్లినను, కొక్కెపు సూదితో అల్లినను, యంత్రముపై అల్లినను అట్టి దుస్తులు 61వ అధ్యాయమునకు చెందును. అనుమానము వచ్చినచో బట్టను రెండు చేతులతో పట్టి లాగి చూడవలెను. అల్లిక సాగి మరల ముడుచుకొనును. భూతద్దముతో చూచిన ఉచ్చులు స్పష్టముగా కనబడును. బనియనును, ధోవతిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఐదవ తరగతి బాలుడైనను ఈ భేదమును గ్రహించును.

పట్టికను చదువుటకు ఆరు సాధారణ సూత్రములు కలవు. మొదటి దానిని గట్టిగా పట్టుకొన్నచో మిగిలినవాని అవసరము తరచుగా రాదు. అధ్యాయముల పేర్లు వెదకుటకు సౌకర్యము కొరకే. నిర్ణయము శీర్షికలోని మాటలను బట్టియు, భాగమునకు, అధ్యాయమునకు ముందు వ్రాసిన టిప్పణులను బట్టియు జరుగవలెను అని దాని భావము. క్రొత్తవారు శీర్షికలను చదివి, తమ సరకు పేరు కనబడగానే సంతోషించి పుస్తకము మూయుదురు. అసలు పాఠమంతయు టిప్పణులలో నున్నది.

పిల్లలు పైన తొడుగుకొను అల్లిక దుస్తులలో ముఖ్యముగా మూడు తెగలు కనబడును. మొదటిది ఓవర్‌కోట్లు, టోపీతో కూడిన అనోరాకులు, గాలికోట్లు మొదలగునవి. ఇతర దుస్తులన్నింటిపైన, ఎండవానల నుండి, చలిగాలి నుండి కాపాడుటకు తొడుగునవి ఇవి. మగవారివి, బాలురవి 6101. స్త్రీలవి, బాలికలవి 6102. రెండవది జెర్సీలు, పుల్లోవర్లు, కార్డిగన్లు మొదలగునవి, అనగా మన స్వెటర్లు. ఇవి 6110. మూడవది పసిబిడ్డల దుస్తులు. ఇవి 6111.

మొదటి తెగలో బాలుడా, బాలికయా యను ప్రశ్న వచ్చును. దానికి తొమ్మిదవ టిప్పణి ఇచ్చు సమాధానము విద్యార్థులకు వింతగా తోచును. ముందు వైపున ఎడమ అంచు కుడి అంచుపైకి వచ్చి మూతపడినచో అది బాలురది. కుడి అంచు ఎడమపైకి వచ్చినచో బాలికలది. కత్తిరింపును బట్టియే ఎవరిదో స్పష్టముగా తెలియుచున్నపుడు మాత్రము ఈ నియమము పనిచేయదు. ఏ విధముగాను తేలనిది బాలికల శీర్షికకు పోవును. నడుమ జిప్పు గల కోటునకు ఒక అంచు మరియొక అంచుపైకి రాదు గదా. కత్తిరింపులోను గుర్తు లేనిచో అట్టిది 6102. ఒక గుండీ వైపును చూచి బిడ్డ యెవరో నిర్ణయించుట హాస్యాస్పదమే. కాని రేవున అధికారికి ఎదుట బిడ్డ ఉండదు, దుస్తు మాత్రమే యుండును. కంటికి కనబడు గుర్తు ఏదో ఒకటి కావలసి వచ్చినది. స్వెటర్ల శీర్షికయైన 6110లో ఈ బాధ లేదు. అందు బాలబాలికల భేదమును పాటింపలేదు. అన్న స్వెటరు పొట్టియైనపుడు చెల్లెలికి తొడుగు మన ఇండ్ల ఆచారము ఆ శీర్షికకు సరిపోవును.

స్వెటరునకును చొక్కాకును మధ్య హద్దు ఎక్కడ? కాలరు, పై భాగమున రెండు గుండీలు గల పిల్లల అల్లిక చొక్కాలు నేడు విరివిగా వచ్చుచున్నవి. నాలుగవ టిప్పణి దీనికి కొలబద్ద నిచ్చినది. కనీసము 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు గల తావున లెక్కించి, నిలువుగను అడ్డముగను సెంటీమీటరునకు సగటున 10 ఉచ్చుల కంటె తక్కువ వచ్చినచో అది చొక్కాల శీర్షికకు రాదు. నడుము క్రింద జేబులున్నను, అడుగున బిగించు పట్టీ యున్నను రాదు. ముతక అల్లికను, సన్న అల్లికను పేరును బట్టి కాక లెక్కను బట్టి వేరుచేయుట ఇందలి యుద్దేశము. ఒక రూళ్లకర్ర, ఒక భూతద్దము ఉన్నచో ఈ పరీక్షను తరగతిగదిలోనే చేయవచ్చును. మా విద్యార్థులచే ఒకపరి చేయించితిమి. పదిమందిలో నలుగురి లెక్క తప్పెను. మరల చేయించితిమి.

ఇక మూడవ తెగ. పసితనమునకు మన భాషలో ఎన్ని మాటలు కలవు! చంటిబిడ్డ, పాలు త్రాగు బిడ్డ, పారాడు బిడ్డ, తప్పటడుగుల బిడ్డ, నడక వచ్చిన బిడ్డ. ఒక్కొక్క మాటలో బిడ్డ యొక్క చేష్ట కనబడును. పట్టికకు ఈ సొగసులతో పనిలేదు. 61వ అధ్యాయపు ఆరవ టిప్పణి ప్రకారము పసిబిడ్డల దుస్తులనగా 86 సెంటీమీటర్లకు మించని ఎత్తు గల చిన్నపిల్లలకై ఉద్దేశింపబడినవి. వయస్సు ప్రసక్తి లేదు. బరువు ప్రసక్తి లేదు. నెలల లెక్క లేదు. ఎత్తు ఒక్కటియే. ఆ యెత్తైనను దుస్తు పొడవు కాదు, దానిని తొడుగుకొను బిడ్డ యెత్తు.

ఇక్కడనే మేము పొరపడితిమి. కొన్ని యేండ్ల క్రిందట మా వద్ద చదివిన యొకడు సరకు విడిపించు ఒక సంస్థలో క్రొత్తగా చేరెను. కొండ ప్రాంతపు పట్టణములో బట్టల అంగడి నడుపు ఒక వర్తకుడు విదేశమునుండి పిల్లల స్వెటర్లు తెప్పించెను. ఇన్వాయిస్‌లో ఆ సరకంతయు పసిబిడ్డల స్వెటర్లని వ్రాసియుండెను. లేబుళ్లపై పెద్ద అక్షరములతో 12, 18, 24 నెలలని యుండెను. అతడు మమ్ములను టెలిఫోనుపై అడుగగా, "రెండేండ్ల లోపు బిడ్డలవైనచో 6111 వేయుము నాయనా" అని మేము తడుముకొనకుండ చెప్పితిమి. అతడట్లే వేసెను. పెట్టె విప్పి చూచిన యధికారి 24 నెలల లేబులు క్రింద చిన్న అక్షరములతో నున్న 92 అను అంకెను చూపి, "ఇది ఎవరి యెత్తు?" అని యడిగెనట. మా శిష్యుని యొద్ద సమాధానము లేకపోయెను. మా యొద్దను లేకపోయెను.

ఆ అంకె బిడ్డ యెత్తే. ఐరోపా దేశముల పిల్లల దుస్తులపై 56, 62, 68, 74, 80, 86, 92, 98, 104 అని ఆరేసి సెంటీమీటర్ల మెట్లుగా ఎత్తును వేయు వాడుక కలదు. అందు 86 వేసినది లోపలిది. 92 వేసినది వెలుపలిది. అమెరికాలో వాడు 24 నెలల కొలత సాధారణముగా 86 సెం.మీ. లోపలనే యుండును, ఐరోపాలో అదే 24 నెలలు తరచుగా 92 మెట్టుపై నుండును. ఒకే వయస్సు, రెండు శీర్షికలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన పిల్లల పెరుగుదల ప్రమాణములను చూచినచో ఈ గీత ఎంత సున్నితమైనదో తెలియును. నిండు రెండేండ్ల బాలుని నడిమి యెత్తు నిలుచున్నపుడు 87.1 సెం.మీ.; బాలికది 85.7 సెం.మీ. కవలలుగా పుట్టిన అన్నాచెల్లెండ్రలో చెల్లెలు గీతకు ఇవతల, అన్న గీతకు అవతల నుండవచ్చునన్నమాట! రెండేండ్లని మేము చెప్పినమాట సగటున దగ్గరదే. కాని సుంకము సగటుపై విధింపబడదు.

2011 నుండి మన దేశమున దిగుమతిదారుడే తన సరకునకు అంకెను, సుంకమును నిర్ణయించుకొని బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయవలెను. పూర్వము అధికారి నిర్ణయించునప్పుడు తప్పు ఎవరిదో చెప్పుట కష్టము. ఇప్పుడు సంతకము చేసినవానిదే. దాఖలు చేసిన వివరములకు సరకు సరిపోనిచో 1962 నాటి కస్టమ్స్ చట్టము 111వ విభాగము క్రింద దానిని స్వాధీనము చేసికొను అధికారము కూడ కలదు. ఆ వర్తకుని విషయమున అంతవరకు పోలేదు. లేబులుపైననే అంకె యున్నందున దాచినదేమియు లేదని గ్రహించి, అదే చట్టము 149వ విభాగము ప్రకారము పత్రమును సవరించుకొననిచ్చిరి. కాని కొలతలు తీయుటకు, సవరణకు, మరల తనిఖీకి దినములు గడచెను. మార్గశిరమున రేవు చేరిన పెట్టెలు సంక్రాంతి వెళ్లిన పిమ్మట వెలుపలికి వచ్చెను. గోదాము అద్దె ఒక నష్టము. చలికాలము దాటిపోవుట అంతకు మించిన నష్టము. ఉన్ని దుస్తులను మరుసటి యేటికి దాచుకొనవచ్చును గాని, అప్పు తెచ్చిన పైకమునకు వడ్డీ ఆగదు. ఆ వర్తకుడు మమ్మొక మాటయు అనలేదు. మా శిష్యుడు మాత్రము చాలకాలము మాకు కనబడలేదు. ముందు చెప్పుదుమన్న రెండవ కారణమిదియే.

"లోకములో దేనిని పసిబిడ్డ స్వెటరందురో దానినే చట్టమును అనవలదా?" అని ఒక విద్యార్థి మమ్మడిగెను. మంచి ప్రశ్న. చట్టములో ఒక మాటకు అర్థము చెప్పనపుడు, ఆ సరకును కొనువారు, అమ్మువారు దాని నేమనుకొందురో అదియే అర్థమని మన న్యాయస్థానములు పలుమారులు చెప్పినవి. 1961లో సుప్రీంకోర్టు ముందుకు అకోలా నుండి ఒక అమ్మకపు పన్ను వ్యాజ్యము వచ్చెను. కూరగాయలకు పన్ను లేదు గనుక తమలపాకులకును ఉండరాదని వర్తకుని వాదము. వృక్షశాస్త్రము మాట ఎట్లున్నను, వంటకై అంగడికి పోయినవాడు తమలపాకును కూరగాయ అనడని న్యాయస్థానము తీర్పు చెప్పినది. మన యిండ్ల తాంబూలపు పళ్లెమును చూచినవారికి ఈ తీర్పు వెంటనే రుచించును. అయితే ఆ చట్టము కూరగాయ యనగా నేమో నిర్వచింపలేదు. ఆరవ టిప్పణి పసిబిడ్డ దుస్తు యనగా నేమో నిర్వచించినది. నిర్వచనమున్నచోట అంగడి మాటకు తావు లేదు. ఇన్వాయిస్‌పై విదేశపు గుమాస్తా వ్రాసిన మాటకు అసలే లేదు.

86 సెం.మీ. లోపలిదని తేలినచో పని సులభము. ఒక దుస్తు 6111 క్రిందికిని, ఆ యధ్యాయములోని మరియొక శీర్షిక క్రిందికిని వచ్చునట్లు కనబడినపుడు 6111కే చెందునని అదే టిప్పణి చెప్పుచున్నది. అది కోటా, స్వెటరా, చొక్కాయా, బాలునిదా, బాలికదా యను విచారణ ఆరు స్థానముల వరకు అవసరము లేదు. ప్లాస్టిక్ పూత పూసిన అల్లిక బట్టతో చేసిన వానకోట్లకు 6113 అను వేరు శీర్షిక కలదు. అది తక్కిన శీర్షికలను మించును గాని పసిబిడ్డల శీర్షికను మించజాలదు. ఇంటిలో వలెనే ఇచ్చటను చంటిబిడ్డదే పైచేయి.

ఇక మిగిలినది పీచు. శీర్షిక తేలిన పిదప ఉపశీర్షికను నిర్ణయించునది ఇదియే. 6110లో ఉన్ని స్వెటరు 6110 11, పత్తిది 6110 20, మానవనిర్మిత పీచులది 6110 30. 6111లో పత్తిది 20, సింథటిక్ పీచులది 30, ఉన్నితో సహా మిగిలినవన్నియు 90. మిశ్రమమైనపుడు బరువులో ఏ ఒక్క పదార్థము ఎక్కువో, దుస్తు అంతయు దానిదేయని భావింతురు. సగము దాటనక్కరలేదు, మిగిలిన వానిలో ఒక్కొక్కదాని కంటె ఎక్కువగా నున్న చాలును. ఉన్ని 40, పత్తి 30, అక్రిలిక్ 30 పాళ్లున్నచో అది ఉన్ని స్వెటరే.

అయితే ఇందొక ఉచ్చు కలదు. పత్తి 40, పాలియెస్టర్ 30, విస్కోస్ 30 పాళ్లు గల స్వెటరును ఏమందురు? లేబులుపై అన్నింటికంటె పెద్ద అంకె పత్తిదే. తొందరపడువాడు 6110 20 అనును. కాని మొదట అధ్యాయమును, పిమ్మట దానిలోని శీర్షికను చూడవలెనని నియమము. పత్తి 52వ అధ్యాయము. పొట్టి పీచులుగా చేసిన పాలియెస్టర్, విస్కోస్ రెండును 55వ అధ్యాయము. పొడవు దారములుగా నున్నచో అవి 54వది. కాని మరియొక అధ్యాయముతో పోల్చునపుడు 54, 55 అధ్యాయములను ఒకటిగానే లెక్కింతురు. కాబట్టి 40కి ఎదురుగ నిలిచినది 30 కాదు, 60. అంకె 6110 30.

రెండును సరిసమానమైనచో? వరుసలో చివర వచ్చునది గెలుచును. పత్తి 50, అక్రిలిక్ 50 గల స్వెటరు మానవనిర్మిత పీచులదే. దీని ఫలితమును పైకములో చూతము. అమెరికా దేశపు మూల పట్టికలో పత్తి స్వెటరుపై సాధారణ సుంకము నూటికి 16.5, మానవనిర్మిత పీచుల స్వెటరుపై నూటికి 32. ఆ పైన ఎప్పటికప్పుడు వచ్చుచు పోవుచుండు అదనపు సుంకముల మాట అటుండనిండు. ఒక్కొక్కటి 5 డాలర్లు చేయు పిల్లల స్వెటర్లు పదివేలు పోయినవనుకొందము. పత్తిదైనచో సుంకము 8,250 డాలర్లు. 30వ ఉపశీర్షికదైనచో 16,000 డాలర్లు. భేదము 7,750 డాలర్లు. 200 గ్రాముల స్వెటరులో పత్తి 102 గ్రాములా, 98 గ్రాములా యనుటపై ఇంత పైకము ఆధారపడియున్నది. ప్రయోగశాలలో చిన్న తేడా వచ్చినను లెక్క తారుమారగును. అందుచేత 51, 49 పాళ్లతో దారము నెన్నుకొని, "పత్తిదే గదా" యని ధైర్యముగా నుండుట మాకు తెలివిగా తోచదు. 60, 40 పాళ్లైన నిశ్చింత. ఈ నిర్ణయము ఓడరేవున జరుగునది కాదు. తిరుప్పూరులో నూలు కొనునాడే జరుగవలసినది.

చిన్నచిన్న సంగతులు కొన్ని మిగిలినవి. ఒకే పెట్టెలో అల్లిక స్వెటరును, నేత లాగును జతగా పెట్టి అమ్మినను వానిని విడదీసి వేర్వేరు శీర్షికలలో వేయవలెను. మూడేండ్ల బిడ్డవైనచో ఒకటి 61వ అధ్యాయమున, మరియొకటి 62వ అధ్యాయమున నుండును. పసిబిడ్డ అల్లిక టోపీ విడిగా వచ్చినచో 6111 కాదు. తలపై ధరించునవి 65వ అధ్యాయములోనివి గనుక 6505. అడుగు కుట్టని మెత్తని అల్లిక పాదరక్షలు మాత్రము 6111లోనే యుండును. వేరుగా అడుగు అతికించినచో అవి చెప్పుల అధ్యాయమైన 64కు నడచిపోవును. బొమ్మకు తొడుగుటకు చేసిన స్వెటరు ఎంత ముచ్చటగా నున్నను ఆటవస్తువుల శీర్షికయైన 9503 లోనిది. కుక్కకు తొడుగు స్వెటరును దుస్తుల అధ్యాయము చేరనీయదు. అది జీనులు, కళ్లెములతో పాటు 4201లో కూర్చుండును. ఇక అమెరికానుండి పిన్నిగారు మేనల్లునికై తన సంచిలో తెచ్చు స్వెటరునకు ఈ విచారణ ఏదియు లేదు. ప్రయాణికుల సామానునకు మన దేశపు పట్టికలో 9803 అను ప్రత్యేక శీర్షిక కలదు. ఉచితముగా తేదగిన పరిమితికి లోబడినంతవరకు ఎవరును గుండీలు లెక్కింపరు.

సరకు రాక పూర్వమే అంకెను గూర్చి సందేహము తీర్చుకొనదలచినవారికి చట్టములో మార్గము కలదు. ముందుగా నిర్ణయము చెప్పుటకు ఢిల్లీలోను, ముంబైలోను 2021 నుండి కస్టమ్స్ అధికార పీఠములు పనిచేయుచున్నవి. రుసుము చెల్లించి, సరకు వివరములతో దరఖాస్తు చేసికొన్నచో వారిచ్చు నిర్ణయము ఆ దరఖాస్తుదారునకును, సుంకపు అధికారులకును కట్టుబాటగును. చిన్న వర్తకునకు ఇది కొంత దూరాభారమే. అతనికి దగ్గరి దారి ఒకటి కలదు. ఆర్డరు ఇచ్చునపుడే ప్రతి కొలతకును బిడ్డ యెత్తు సెంటీమీటర్లలోను, పీచుల పాళ్లు బరువు లెక్కలోను ఇన్వాయిస్‌పై వ్రాయుమని అమ్మువానిని కోరవలెను. 86 వరకు గలవి ఒక వరుసలోను, 92 మొదలు గలవి వేరొక వరుసలోను చూపింపవలెను. ఇందుకు పైకమక్కరలేదు, ఒక ఉత్తరము చాలును.

విద్యార్థుల అభ్యాసమునకై ఒక మూటను కల్పించుచున్నాము. అందు ఐదు వస్తువులు కలవు. మొదటిది 80 లేబులు గల, టోపీయు జిప్పును కలిగిన అక్రిలిక్ స్వెటరు. ఇది 6111 30. టోపీని, జిప్పును చూచి మోసపోరాదు. రెండవది 104 లేబులు గల, తలమీదుగా తొడుగు స్వెటరు. ఉన్ని 40, పత్తి 30, అక్రిలిక్ 30. ఇది 6110 11. మూడవది 98 లేబులు గల, లోపల దూది పెట్టి కుట్టిన, అన్నింటిపైన తొడుగు పాలియెస్టర్ అల్లిక కోటు. నడుమ జిప్పు; బాలునిదో బాలికదో కత్తిరింపును బట్టి తేలదు. ఇది 6102 30. నాలుగవది అరచేతి పొడవు గల చిన్న ఎఱ్ఱ స్వెటరు. మెడ లోపల బొమ్మల సంస్థ చీటీ కుట్టబడి, ఒక బొమ్మతో కొలత సరిపోవుచున్నది. ఇది 9503.

ఐదవది ఒక అవ్వ తన చేతితో అల్లిన పత్తి స్వెటరు. లేబులు లేదు, కొలత వ్రాయలేదు, గుండీలు లేవు. చంక నుండి చంకకు 27 సెం.మీ., భుజమునుండి అంచు వరకు 33 సెం.మీ. దీనికి మేము సమాధానమీయము. ఇంటిలోని చిన్నపిల్లల దుస్తులలో ఎత్తు అంకె వేసిన వానిని రెండు మూడింటిని తెచ్చి, టేపుతో కొలిచి, దీనితో పోల్చి, 6111 20 అగునో 6110 20 అగునో కారణముతో కూడ వ్రాసికొని వేసవి సెలవుల పిమ్మట తరగతికి తేవలెను.